సోరియాసిస్ – లోపలి చీటీల కథ
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీగారు మమ్మల్ని విద్య గురించి మాట్లాడమన్నారు. ఉర్దూ మీడియం బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారని ప్రతియేడూ మేము చెప్పడం, మీరు అవునవునని తలలూపడం, ఆ పైన బిర్యానీకి లేవడం జరుగుతూనే ఉంది. ఈసారి ఆ మాట పక్కన పెట్టి ఒక చర్మవ్యాధి గురించి మాట్లాడతామని అడిగాము. "మాస్టర్‌సాబ్, మీరు డాక్టరు కారు గదా!" అన్నారు. నిజమే, కాము. ఉర్దూ, లెక్కలు చెప్పుకొని బ్రతికేవాళ్ళము. అయితే ఈ వ్యాధి మా ఇంట్లో ఇరవై ఏళ్ళకు పైగా కాపురం చేస్తున్నది. మా పెద్దన్నగారికి, మీలో చాలామందికి ఆయన తెలుసు, సోరియాసిస్ ఉంది. ఆయన అనుమతి తీసుకునే ఈ మాటలు చెబుతున్నాము. అదిగో, మూడవ వరుసలో కూర్చున్నారు.

భాయ్‌జాన్‌కు మొదట మోచేతుల మీద, తలలో వచ్చింది. ఎర్రగా లేచి, పైన వెండి రేకుల మాదిరి పొలుసులు. గోకితే పొట్టు రాలేది. తామరేమోనని ఒక మందు పూశారు, గజ్జేమోనని ఇంకొకటి పూశారు. ఏదీ పని చేయలేదు. తరువాత వీపుకు, కాళ్ళకు ప్రాకింది. అప్పుడు వీధిలో ఒక మాట పుట్టింది. మీకు తెలుసు అది ఏ మాటో. తెలుగులో కుష్ఠు అన్నారు, మనవాళ్ళు గుసగుసగా కోఢ్ అన్నారు. మంగలి షాపులో, అన్నా మీరు ఇంట్లోనే చేయించుకోండి అన్నాడు. జమాత్‌లో నిలబడితే పక్కవాడి భుజం తగలాలి గదా, ఆయన పక్కన మాత్రం జానెడు సందు మిగిలేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. సందు మాత్రం మిగిలేది. దావత్‌లో ఒక ప్లేటు చుట్టూ నలుగురు కూర్చునే చోట ఆయన తనంతట తానే, మాకు ఆకలి లేదు అని లేచి వెళ్ళడం మేము ఎన్నోసార్లు చూశాము. ఆఖరుకు ఆయన పెద్దమ్మాయికి కుదిరిన రిష్తా తప్పిపోయింది. ఎందుకు అని అడిగితే ఇస్తిఖారాలో సరిగా రాలేదన్నారు. అసలు కారణం ఆరు నెలల తరువాత మా వదినగారి చెవిన పడింది.

అందుకని మొదటి మాట మొదటే చెప్పేస్తాము. సోరియాసిస్ అంటుకోదు. ముట్టుకుంటే రాదు, పక్కన కూర్చుంటే రాదు, ఒకే ప్లేటులో తింటే రాదు, ఒకే హౌజులో వజూ చేస్తే రాదు. దీనికి క్రిమి లేదు. కుష్ఠుకు క్రిమి ఉంది, 1873లో నార్వే దేశపు హాన్సెన్ దానిని కనిపెట్టారు. ఆ కుష్ఠు కూడా 1980ల నుంచి వచ్చిన మందుల కూర్పుతో పూర్తిగా నయమైపోతున్నది, మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి సోకే శక్తి పోతుంది. మన చిత్తూరు వాళ్ళకు కుష్ఠు పేరు వింటే ఉన్న భయం ఎక్కడిదో మాకు తెలుసు. కాట్పాడి దగ్గర కరిగిరి ఆసుపత్రికి నడిచిపోయే రోగులను మన తాతలు, నాయనలు చూశారు. వేలూరులో పాల్ బ్రాండ్ అనే డాక్టరు ముడుచుకుపోయిన చేతులకు ఆపరేషన్ చేసి వేళ్ళు ఆడించిన సంగతి కూడా అదే తరం చూసింది గాని, భయం మిగిలినంతగా ఆ మాట మిగలలేదు.

రెండింటినీ కలిపి చూడడం మనవాళ్ళ తప్పు ఒక్కటే కాదు లెండి. యూరపులో కూడా శతాబ్దాల తరబడి పొలుసుల రోగులను కుష్ఠు రోగులతోనే జమకట్టారు. 1841లో వియన్నాకు చెందిన హెబ్రా అనే వైద్యుడు ఇది వేరు, అది వేరు అని తేల్చారు. మన యూనానీలో దీనికి దావుస్సదఫ్ అని పేరు. సదఫ్ అంటే ముత్యపు చిప్ప. ఆ తెల్లని పొలుసును చూసి పెట్టినవారెవరో గాని కళ్ళున్నవారు.

మరి క్రిమి లేకపోతే ఈ పొట్టు ఎక్కడిది? మన చర్మం పైపొర అడుగున కొత్త కణాలు పుట్టి, మెల్లగా పైకి జరిగి, ఎండి, మనకు తెలియకుండానే రాలిపోతుంటాయి. ఈ ప్రయాణానికి మామూలుగా నాలుగు వారాలు పడుతుంది. సోరియాసిస్ ఉన్నచోట వారం కూడా పట్టదు. ముదరని కణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పొలుసు కడతాయి. దీనికి తోడు మన రోగనిరోధక కణాలు, అంటే ఒంటిలోని పహరా సిపాయిలు, దొంగ లేకపోయినా విజిల్ వేసుకుంటూ అక్కడికి చేరి వాపు, ఎరుపు, దురద కలిగిస్తారు. చర్మకణం సిపాయిని పిలుస్తుంది, సిపాయి చర్మకణాన్ని తొందరపెడతాడు. ఇద్దరూ ఆగరు. కొందరికి ఈ వాపు కీళ్ళకు కూడా పోతుంది. కాబట్టి పొలుసులు ఉన్నవారికి ప్రొద్దున లేవగానే వేళ్ళు, మడమలు బిగుసుకుపోతుంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఈ ఇద్దరినీ ఎవరు ఆపాలి, ఎందుకు ఆపలేకపోతున్నారు అన్న ప్రశ్నకు గత ఇరవై ఏళ్ళలో ఒక కొత్త జవాబు దొరికింది. పూర్తి జవాబు కాదు, జవాబులో ఒక ముక్క. అది మాకు తమ్ముడి కొడుకు చెప్పాడు, బి.ఎస్సి. చదువుతున్నాడు. మొదటిసారి చెప్పినప్పుడు మాకు ముక్క అర్థం కాలేదు. మూడవసారికి మా బడి భాషలోకి మార్చుకున్నాము.

హెడ్‌మాస్టరు గదిలో బీరువాలో ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది. దాన్ని బయటికి తీసుకుపోనివ్వరు. అది డి.ఎన్.ఎ. మనిషి రిజిస్టరులో సుమారు 300 కోట్ల అక్షరాలు. ఒక పని జరగవలసి వస్తే ఆ పేజీకి నకలు తీసి తరగతికి పంపుతారు. ఆ నకలు ఆర్.ఎన్.ఎ. తరగతిలో ఆ నకలు చూసి పని చేస్తారు, అంటే మాంసకృత్తులు తయారవుతాయి. మాంసకృత్తులంటే పప్పులో, గుడ్డులో ఉండేవే కాదండి. ఒంటిలో పనులన్నీ చక్కబెట్టే కూలీలు, మేస్త్రీలు వాళ్ళే. ఇంతవరకు మా చిన్నప్పటి పుస్తకాల్లోనూ ఉంది.

మనిషి రిజిస్టరు మొత్తం చదివే పని 2003లో ఒక కొలిక్కి వచ్చింది. చూస్తే మాంసకృత్తుల తయారీకి పనికివచ్చే పాఠాలు ఇరవై వేల చిల్లర. అక్షరాల లెక్కన నూటికి రెండు పాళ్ళు కూడా లేవు. మిగతాదంతా ఏమిటి? కొందరు దానిని చెత్త అని కూడా అన్నారు. ఉర్దూ చదివినవాళ్ళు ఆ మాట అనకూడదు. అలీఫ్, సీన్ రెండే అక్షరాలు వ్రాసి కింద జేర్ పెడితే ఇస్, పైన పేష్ పెడితే ఉస్. ఇతనా అతనా అన్నది ఆ చిన్న గీత తేలుస్తుంది. అక్షరం కాదు గదా అని గీతను చెత్తబుట్టలో వేస్తే ఎవడిని కొట్టాలో ఎవడికి బహుమానం ఇవ్వాలో తెలియదు.

రిజిస్టరులోని ఆ మిగతా భాగం నుంచి కూడా నకళ్ళు వస్తున్నాయని, కాని వాటితో మాంసకృత్తులు తయారు కావని, వాటి పని వేరే అని తెలిసింది. వీటినే నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఎ.లు అంటారు. వీటిలో అతి చిన్నవాటికి మైక్రో ఆర్.ఎన్.ఎ.లు అని పేరు, ఒక్కొక్కటి ఇరవై రెండు అక్షరాలు అటూఇటూ. ఇవి దొరికింది మనిషిలో కాదు, మట్టిలో బ్రతికే ఒక మిల్లీమీటరు పురుగులో. అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ అనే ఇద్దరు 1993లో ఆ సంగతి ప్రకటించారు. ఏదో పురుగు వింత అనుకొని చాలామంది పట్టించుకోలేదు. 2000లో రువ్‌కున్‌గారు ఇంకొకటి కనిపెడితే అది మనిషిలోనూ ఉన్నదని తేలింది. అప్పుడు అందరూ లేచి కూర్చున్నారు. 2024లో ఆ ఇద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. 1993కూ 2024కూ మధ్య ముప్ఫై ఒక్క సంవత్సరాలు. పిల్లలకు ఒక్క పరీక్షలో మార్కులు తగ్గితే చదువు మాన్పించే తండ్రులు ఈ సభలో కొందరున్నారు, వారికి ఇది వినిపించాలని చెబుతున్నాము.

ఆ చిన్న ఆర్.ఎన్.ఎ. చేసే పని ఏమంటే, హెడ్‌మాస్టరు గది నుంచి తరగతికి పోతున్న నకలుకు మధ్యలో ఒక చీటీ అతికించడం. దీన్ని ఆపండి, లేదా చింపేయండి అని. చీటీ మీది అక్షరాలు నకలు మీది అక్షరాలకు జత కుదిరితే అతుక్కుంటుంది. అప్పుడు ఆ నకలుతో పని జరగదు, లేదా తక్కువగా జరుగుతుంది. ఒకే రకం చీటీ వందల నకళ్ళకు అతుక్కోగలదు. అంటే పూర్తిగా ఆర్పే స్విచ్చి కాదు, స్టవ్ మంట పెంచి తగ్గించే చెవి లాంటిది. దమ్ పెట్టేటప్పుడు మంట ఎంత ఉండాలో తెరకు అటువైపు ఉన్నవారికి మేము చెప్పనక్కరలేదు.

ఇక సోరియాసిస్ దగ్గరకు వస్తాము. 2007లో స్వీడన్‌లో ఎనికో సోంకోలి అనే వైద్యశాస్త్రవేత్త, ఆమె తోటివారు సోరియాసిస్ చర్మాన్ని, ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని పక్కపక్కన పెట్టి ఈ చీటీలను లెక్కించారు. 203 నెంబరు మైక్రో ఆర్.ఎన్.ఎ. సోరియాసిస్ మచ్చల్లో బాగా పెరిగి కనిపించింది. ఇది ముఖ్యంగా చర్మకణాల్లో ఉండే చీటీ. ఇది ఎవరిని ఆపుతున్నదని చూస్తే, సాక్స్-3 అనే మాంసకృత్తు అదే మచ్చల్లో తగ్గి ఉంది. ఈ సాక్స్-3 పని ఏమిటయ్యా అంటే, సిపాయిలు వేసే విజిల్‌కు చర్మకణం స్పందించేటప్పుడు, ఇక చాలు అని చెప్పడం. మన మొహల్లాలో కుర్రవాళ్ళు కొట్టుకుంటుంటే మధ్యకు వచ్చి, ఏమప్పా చాలించండి అనే పెద్దమనిషి ఉంటాడు గదా, ఆ పెద్దమనిషి అన్నమాట. 203 నెంబరు చీటీ ఎక్కువైతే ఆ పెద్దమనిషి నోరు మూతపడుతుంది. తగవు తీరదు. ఈ వ్యాధి ఏళ్ళ తరబడి ఎందుకు ఆగదో తెలిపే కారణాల్లో ఇది ఒకటి కావచ్చునని వారు చెప్పారు.

అన్ని చీటీలూ చెడ్డవి కావు. 146-ఎ అనేది ఒకటి ఉంది, అది మంచి చీటీ. మంటను రగిలించే నకళ్ళకు అతుక్కొని వాటిని ఆపుతుంది. అది లేని ఎలుకల్లో సోరియాసిస్ లాంటి వాపు త్వరగా, ఎక్కువగా వచ్చిందని 2017లో వెల్లడైంది. అది ఇంటర్‌ల్యూకిన్-17 అనే దండోరా తెచ్చే వాపును తగ్గిస్తుంది. ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో ఇస్తున్న ఖరీదైన ఇంజెక్షన్లలో కొన్ని ఆ దండోరానే ఆపుతాయి. పిల్లలకు మోచేతి మడతల్లో, మోకాలి వెనక వచ్చే దురద తామరలో, అంటే ఎగ్జిమాలో, 155 నెంబరు ఎక్కువ ఉంటుందని తేలింది. ఆ వివరంలోకి ఇప్పుడు పోము.

ఇంకొకటి మాత్రం చెప్పకుండా ఉండలేము. మైక్రో కాకుండా పొడుగుపాటి నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఎ.లు కూడా ఉన్నాయి. 2005లో హంగరీలో, అప్పటికి అక్కడ ఉన్న ఆ సోంకోలిగారే ఒకదాన్ని గుర్తించారు. దానికి ప్రిన్స్ అని పేరు పెట్టారు. రాజకుమారుడని కాదు, ఇంగ్లీషులో కొన్ని మాటల మొదటి అక్షరాలు, అందులో ఆఖరుది స్ట్రెస్. కణం ఒత్తిడికి గురి అయినప్పుడు ఇది పెరుగుతుంది. సోరియాసిస్ ఉన్న మనిషిలో, ఇంకా మచ్చ రాని మామూలు చర్మంలో కూడా ఇది ఎక్కువగా ఉంటుందట. ఇక్కడ ఒత్తిడి అంటే కణానికి తగిలే దెబ్బ, మనసులోని దిగులు అని వాళ్ళు అనలేదు, మేమూ అనము. అయితే దిగులుతో సోరియాసిస్ రేగుతుందని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నదే. భాయ్‌జాన్‌కు రిష్తా తప్పిన ఆ నెలలో మచ్చలు రెట్టింపయ్యాయి. మచ్చలు చూసి జనం దూరం జరిగారు, దూరం జరిగారని ఆయన కుమిలిపోయారు, కుమిలితే మచ్చలు పెరిగాయి. అందులో మన వంతు ఎంత అన్నది మాకు రాత్రిళ్ళు గుర్తుకొస్తుంది. మన అని ఎందుకంటున్నామంటే, ఆ రోజుల్లో ఆయన టవలు వేరే తీగ మీద ఆరవేయమని మా ఇంట్లో చెప్పినది మేమే.

ఇక పొట్లాల సంగతి. పదిహేనేళ్ళ కిందట ఎవరో చెబితే భాయ్‌జాన్ ఒక ఊరికి పోయి పొట్లాలు తెచ్చుకున్నారు. మూలికల పొడి అన్నారు. వారం తిరగకుండా చర్మం అద్దంలా అయింది! ఇంట్లో పండగ. మూడు నెలలకు ముఖం ఉబ్బింది, షుగరు వచ్చింది. భయపడి ఒక్కసారిగా మానేశారు. పది రోజుల్లో ఒళ్ళంతా నిప్పుల్లా ఎర్రబడి, చిన్న చిన్న చీముపొక్కులు లేచి, వణుకుతూ జ్వరం. పెద్దాసుపత్రిలో పంతొమ్మిది రోజులు ఉంచారు. అక్కడి డాక్టరు చెప్పారు, ఆ పొడిలో స్టెరాయిడు కలిపి ఉంటారని. సోరియాసిస్‌లో స్టెరాయిడు లోపలికి తీసుకొని ఉన్నట్టుండి మానితే ఇట్లా తిరగబడుతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఇది యూనానీ మీద మాట కాదు. నిజమైన హకీములు వేరు, పొట్లాల వాళ్ళు వేరు. హైదరాబాదులో చర్మవ్యాధుల కోసమే కేంద్ర ప్రభుత్వపు యూనానీ పరిశోధన సంస్థ ఉంది, బొల్లి వైద్యానికి దేశం నలుమూలల నుంచి అక్కడికి వస్తారు. అక్కడ చీటీ వ్రాసి ఇస్తారు, ఏ మందో పేరు ఉంటుంది. పేరు లేని పొడి నోట్లో వేసుకోవద్దు.

రేపు ఇంకొకడు వచ్చి, జీన్ మందు, ఆర్.ఎన్.ఎ. మందు అని కూడా అమ్మవచ్చు. వినండి. 2014లో 21 నెంబరు మైక్రో ఆర్.ఎన్.ఎ.ను అడ్డుకునే మందును, మనుషుల సోరియాసిస్ చర్మం అతికించిన ఎలుకల మీద ప్రయత్నించారు, మచ్చలు తగ్గాయి. ఎలుకల మీద. సోరియాసిస్‌కు మైక్రో ఆర్.ఎన్.ఎ. మందు మందులషాపుల్లోకి ఇంకా రాలేదు. చీటీ ఒకటి వందల నకళ్ళను పట్టుకుంటుంది కాబట్టి ఒకదాన్ని లాగితే ఇంకెన్ని కదులుతాయో చూసుకోవాలి. తొందర పనికిరాదు.

మరి ఈ రోజు ఉన్న మందు ఏమిటి? పైపూత మందులు, అతినీలలోహిత కాంతి చికిత్స, మాత్రలు, ఇంజెక్షన్లు ఉన్నాయి. భాయ్‌జాన్‌కు పని చేసినది మెథోట్రెక్సేట్ అనే మాత్ర. దీని వెనక మన తెలుగువాడు ఉన్నాడని ఎంతమందికి తెలుసు? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ విటమినును తయారుచేసింది, తరువాత దానికి ఎదురు నిలిచే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను తెచ్చింది. పిల్లల రక్తపు క్యాన్సరుకు వాటిని వాడారు. ఆయన 1948లో పోయారు. 1951లో అమినాప్టెరిన్‌తో సోరియాసిస్ మచ్చలు తగ్గడం అమెరికాలో వైద్యులు గమనించారు. ఆ పైన దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈ వ్యాధికి స్థిరపడింది. ఇప్పుడు డాక్టరు భాయ్‌జాన్‌కు వారానికి ఒకనాడు మెథోట్రెక్సేట్, ఇంకొకనాడు ఫోలిక్ ఆసిడ్ ఇస్తున్నారు. రెండూ ఆ భీమవరం ఆయన చేతి చలవే.

వారానికి ఒకనాడు అన్న మాట గట్టిగా వినండి. రోజూ మింగితే ఎముకల్లోని మూలుగు దెబ్బతిని మనిషి చనిపోవచ్చు. భాయ్‌జాన్ క్యాలెండరులో ప్రతి ఆదివారం మీద మా వదినగారు గుండ్రం చుట్టి పెడతారు. రక్తపరీక్ష, లివరు పరీక్ష డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించాలి. గర్భవతులు, బిడ్డ కావాలనుకునేవారు ఇది అస్సలు వాడరాదు. మగవారు కూడా ఆ మాట డాక్టరును అడగాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. బస్సెక్కి వేలూరు పోయేవారు పోతూనే ఉన్నారు. ఎక్కడికి పోయినా పొట్లం వద్దు, చీటీ తెచ్చుకోండి.

పెళ్ళిళ్ళ విషయం కూడా అడుగుతారు, దాచము. ఈ వ్యాధికి వంశపు పాలు కొంత ఉంది. తండ్రికో తల్లికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. అయినా ఎక్కువమంది పిల్లలకు రాదు. ఒకే పోలిక కవలల్లోనే ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడం ఉంది. రిజిస్టరు ఒకటే అయినా చీటీలు ఒకటి కావు మరి. భాయ్‌జాన్ పెద్దమ్మాయికి తరువాత మదనపల్లెలో సంబంధం కుదిరింది. ఆ పెద్దమనిషికి మేమే ముందుగా అంతా చెప్పాము. ఆయన విని, మాకు షుగరుంది, మీరేమైనా అడిగారా అన్నారు.

2014లో ప్రపంచ ఆరోగ్య సభ, జెనీవాలో, సోరియాసిస్ అంటువ్యాధి కాదని, ఆ రోగులను వెలివేసినట్టు చూడడం ఆపాలని తీర్మానం చేసింది. జెనీవా తీర్మానం చిత్తూరు చేరడానికి ఎన్నేళ్ళు పడుతుందో!

భాయ్‌జాన్‌ను అనుమతి అడిగినప్పుడు, చెప్పుకోరా, టవలు సంగతి కూడా చెప్పు అన్నారు. చెప్పాము. సెక్రటరీగారు గడియారం చూపిస్తున్నారు. ఏమైనా అడగాలనుకునేవారు టీ దగ్గర అడగండి. మాకు తెలియనిది భాయ్‌జాన్‌కు తెలుస్తుంది, ఆయన కూడా అక్కడే ఉంటారు.